నోట్లో ఊరే సాక్ష్యం: ఉమ్మి పరీక్షతో మందు లెక్క ఎంతవరకు తేలుతుంది?

వేలెడంత ప్లాస్టిక్ పట్టీ, దాని చివర చింతగింజలో సగమంత తెల్లని మెత్త. మెత్తను ఉమ్మితో తడపాలి. సరిగ్గా 2 నిమిషాలు ఆగి, అది ఏ రంగుకు తిరిగిందో పొట్లం మీది రంగుల గళ్లతో పోల్చి చూడాలి. తెల్లగానే ఉంటే డ్రైవరుకు తాళాలు ఇవ్వొచ్చు. ఆకుపచ్చకో నీలానికో తిరిగితే ఇవ్వకూడదు. ఉమ్మితో మందు కొలిచే పరీక్ష పైకి ఇంతే.

బెంగళూరులో చాలా స్టీరింగులు తెలుగువాళ్ల చేతుల్లోనే ఉన్నాయి. మడివాల, కలాసిపాళ్యం నుంచి రాత్రిపూట హైదరాబాద్‌కు, విజయవాడకు, తిరుపతికి కదిలే బస్సులు. మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ ఐటీ పార్కుల చుట్టూ తిరిగే క్యాబులు. హిందూపురం, మదనపల్లె, అనంతపురం వైపు నుంచి వచ్చినవాళ్లు నడిపే స్కూలు వ్యాన్లు. ఈ బళ్ల యజమానులకూ సూపర్‌వైజర్లకూ వచ్చే సందేహాలు రెండు. ఊదే మిషను కొనాలా, ఈ పట్టీల డబ్బా సరిపోతుందా? పట్టీలో ఏమీ లేదని తేలిన డ్రైవరు గంట తర్వాత హోసూర్ రోడ్డులో పోలీసుల మిషనుకు దొరికితే తప్పు ఎక్కడ జరిగినట్టు?

రెండో సందేహం తీరితే మొదటిది దానంతట అదే తీరుతుంది. అందుకు కొంచెం లోపలికి వెళ్లాలి.

రక్తం నుంచి నోటికి

మందులో ఉండే ఆల్కహాల్ పేరు ఇథనాల్. అది చాలా చిన్న అణువు, నీళ్లలో ఇట్టే కలిసిపోతుంది. కడుపు నుంచి, ముఖ్యంగా చిన్నపేగు నుంచి రక్తంలోకి చేరాక, శరీరంలో నీళ్లున్న చోటికల్లా పోతుంది. లాలాజల గ్రంథులకు రక్తం బాగా అందుతుంది. ఆ రక్తంలోని ఆల్కహాల్ ఎవరూ పంపు చేయాల్సిన పని లేకుండా, గోడలు దాటి ఉమ్మిలోకి ఊరుతుంది. రక్తంలో పెరిగితే ఉమ్మిలో పెరుగుతుంది, అక్కడ తగ్గితే ఇక్కడా తగ్గుతుంది. ఈ రెంటి మధ్య ఆలస్యం చెప్పుకోదగ్గది కాదు.

ఉమ్మిలో దాదాపు 99 శాతం నీళ్లే. మొత్తం రక్తం తీసుకుంటే, కణాలూ ప్రోటీన్లూ చోటు ఆక్రమించడం వల్ల నీళ్ల వాటా 80 శాతం దగ్గర ఉంటుంది. ఆల్కహాల్ నీళ్లతోపాటే పోతుంది కాబట్టి అదే మనిషి ఉమ్మిలో రక్తంలోకన్నా కాస్త ఎక్కువే ఉంటుంది. మనుషుల మీద కొలిచి చూస్తే ఉమ్మి–రక్తం నిష్పత్తి 1.1కి దగ్గరగా వస్తుంది. అంటే రక్తంలో 100 మి.లీ.కి 30 మి.గ్రా. ఉంటే ఉమ్మిలో 32–33 ఉంటుందని అనుకోవచ్చు.

ఊపిరి లెక్క వేరు. రక్తంలో ఉన్నదానిలో రెండు వేలో వంతు మాత్రమే లోతైన ఊపిరిలోకి వస్తుంది. చాలా మిషన్లు 2100:1 అనే నిష్పత్తిని స్థిరంగా పెట్టుకుని రక్తపు అంకెను చూపిస్తాయి. బ్రిటన్‌లో 2300:1 వాడతారు. గుణకం పెద్దదైనంత మాత్రాన లెక్క తప్పుతుందని కాదు. మనిషి మనిషికీ అది ఎంత మారుతుందన్నదే అసలు ప్రశ్న. ఊపిరి విషయంలో శరీరపు వేడి, ఊదే ముందు శ్వాస బిగబట్టడం, గబగబా పీల్చి వదలడం, ఊపిరితిత్తుల జబ్బు అన్నీ అంకెను కదిలిస్తాయి. ఉమ్మికి ఈ బాధ లేదు. ఆస్తమా ముదిరి గట్టిగా ఊదలేని మనిషికి ఉమ్మి పరీక్షే నయం.

శరీరశాస్త్రం వరకు చూస్తే ఉమ్మి మంచి అద్దమే. చిక్కంతా ఆ అద్దాన్ని చదివే పట్టీలో ఉంది.

మెత్తలో ఏముంది

బజారులో దొరికే పట్టీల్లో ఎక్కువ భాగం రెండు ఎంజైములతో పనిచేస్తాయి. మొదటిది ఆల్కహాల్ ఆక్సిడేజ్. ఇది ఇథనాల్‌ను అసిటాల్డిహైడ్‌గా మార్చి, పక్కనే హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను వదులుతుంది. రెండోది పెరాక్సిడేజ్. ఇది ఆ పెరాక్సైడ్‌ను వాడుకుని, టెట్రామిథైల్ బెంజిడిన్ అనే రంగులేని పదార్థానికి రంగు ఎక్కిస్తుంది. ఆల్కహాల్ ఎంత ఎక్కువుంటే రంగు అంత ముదురు.

ఇంకో రకం ఉంది. అది థర్మామీటరులా గీతలున్న సన్నని గొట్టం. దూది పుల్లతో నోట్లో ఉమ్మి పట్టి గొట్టంలోకి నొక్కితే రంగు పైకి పాకుతుంది. ఎక్కడ ఆగితే అదే అంకె. ఇందులో ఆల్కహాల్ డీహైడ్రోజినేజ్ అనే మరో ఎంజైము ఉంటుంది. రంగును కంటితో పోల్చకుండా గీత చదవడం కాబట్టి ఇద్దరు చూసినా దాదాపు ఒకే అంకె చెబుతారు. ఖరీదు మాత్రం పట్టీకన్నా చాలా ఎక్కువ.

ఇక మన దగ్గర ఎవరూ గట్టిగా చెప్పని విషయం ఒకటుంది. మామూలు పట్టీ పొట్లం మీద రంగుల గళ్లు 0, 0.02, 0.04, 0.08, 0.30 శాతం అని ఉంటాయి. 0.02 శాతం అంటే 100 మి.లీ. రక్తానికి 20 మి.గ్రా. అమెరికా రవాణా శాఖ నిబంధనల్లో 0.02 దగ్గర డ్రైవరును పక్కన పెట్టడం మొదలవుతుంది, 0.04 దగ్గర ఉల్లంఘన అవుతుంది, 0.08 అక్కడ దాదాపు అన్ని రాష్ట్రాల్లో మామూలు డ్రైవర్ల పరిమితి. ఆ గళ్లు అక్కడి చట్టానికి కొలిచి కుట్టిన చొక్కా. మన మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ పరిమితి 100 మి.లీ. రక్తానికి 30 మి.గ్రా., అంటే 0.03. సరిగ్గా రెండు గళ్ల మధ్య ఖాళీలో పడుతుంది.

20 గడికన్నా ముదురు, 40 గడికన్నా లేత. అది 26 కావచ్చు, 34 కావచ్చు. ఒకటి చట్టానికి లోపల, మరొకటి బయట. పసుపు వీధిదీపం కింద ఈ తేడా చెప్పగల కన్ను లేదు. పగటి వెలుగులో, తెల్ల ఎల్ఈడీ కింద కూడా నమ్మకంగా చెప్పలేం. ఎర్ర–ఆకుపచ్చ రంగుల తేడా తెలియని మగవాళ్లు నూటికి కొందరుంటారు, పరీక్ష చేసే సూపర్‌వైజరు వాళ్లలో ఒకడు కాడని ముందే చూసుకోవాలి.

అందుకే ఈ పట్టీని 'ఎంత' అని అడగకూడదు, 'ఉందా, లేదా' అని మాత్రమే అడగాలి. బండి మీద జీతానికి పెట్టుకున్న డ్రైవరు విషయంలో యజమానికి కావాల్సింది కూడా ఆ జవాబే. రంగు ఏ కాస్త తిరిగినా తాళాలు లేవు అని నియమం పెట్టుకుంటే గళ్ల మధ్య ఖాళీ సమస్య దానంతట అదే పోతుంది. 30 లోపలున్నాడు కదా అని బస్సు ఇచ్చే యజమాని మొదటి గంటలోనే తప్పు లెక్క వేసినట్టు. ఎందుకో చివర్లో చూద్దాం.

పట్టీ ఎలా మోసపోతుంది

ఎంజైము ప్రోటీను. వేడికి ఉడికిపోతుంది. చాలా పట్టీల పొట్లాల మీద 27 డిగ్రీలో 30 డిగ్రీలో దాటకూడదని రాసి ఉంటుంది. బెంగళూరు చల్లని ఊరని మనకొక నమ్మకం. ఏప్రిల్‌లో ఎండలో నిలిపిన బస్సు డ్యాష్‌బోర్డు సొరుగులో వేడి 50 దాటడం వింతేమీ కాదు. అక్కడ రెండు వారాలున్న పట్టీ మందు తాగిన ఉమ్మికి కూడా తెల్లగానే ఉండొచ్చు. ఇది చాలా ప్రమాదకరమైన తప్పు, ఎందుకంటే పైకి ఏ లోపమూ కనిపించదు. చెన్నై, నెల్లూరు దారిలో తిరిగే బళ్లలో ఇంకా తొందరగా చెడుతుంది. పట్టీల డబ్బా ఆఫీసులో, గాలి ఆడే బీరువాలో ఉండాలి. బండిలో పెట్టకూడదు. డిసెంబరు రాత్రి చలిలో ఆరుబయట చేసినా తేడా వస్తుంది. ఎంజైము నెమ్మదించి 2 నిమిషాలకు రావాల్సిన రంగు రాకపోవచ్చు. పరీక్ష గదిలోపల చేయాలి.

రెండో శత్రువు చేతులకు రాసుకునే శానిటైజరు. అందులో 60–70 శాతం ఆల్కహాలే. రాసుకున్న వెంటనే పొట్లం చింపితే ఆవిరి తగిలి మెత్త రంగు తిరుగుతుంది. పెయింట్ డబ్బా, థిన్నరు, స్పిరిట్ సీసా దగ్గర పెట్టుకున్నా అంతే. పొట్లం విప్పగానే మెత్త తెల్లగానో లేత మీగడ రంగులోనో ఉండాలి. అప్పటికే నీలపు ఛాయ ఉంటే చెత్తబుట్టలో వేయాలి.

మూడోది నోట్లో మిగిలిన మందు. రక్తంలోకి ఇంకా చేరకపోయినా, చిగుళ్ల సందుల్లో, నాలుక మీద ఉన్న ఆల్కహాల్ పట్టీకి నేరుగా తగులుతుంది. కొన్ని మౌత్‌వాష్‌లలో 20 శాతం పైన ఆల్కహాల్ ఉంటుంది. హోమియో టింక్చర్లలో ఉంటుంది. ఆయుర్వేదపు ఆసవాలు, అరిష్టాలు పులియబెట్టి చేసేవి కాబట్టి వాటిలోనూ ఉంటుంది. ఇవన్నీ 15 నిమిషాల్లో నోట్లోంచి పోతాయి. అందుకే ఉమ్మి పరీక్ష అయినా ఊదే పరీక్ష అయినా 15 నిమిషాల నిరీక్షణ నియమం ఒకటే.

'సార్, దశమూలారిష్టం తాగాను' అనే సాకు చాలా పాతది. లెక్క వేసి చూద్దాం. 30 మి.లీ. అరిష్టంలో ఆల్కహాల్ 10 శాతం అనుకుంటే 3 మి.లీ., అంటే సుమారు 2.4 గ్రాములు. 70 కిలోల మగమనిషి శరీరంలో అది పరుచుకుంటే రక్తంలో 5 మి.గ్రా. చేరుతుంది. పట్టీలో మొదటి గడి 20. నోరు కడిగించి 15 నిమిషాలు ఆగాక కూడా 20 గడి రంగు వస్తే, అది అరిష్టం కాదు.

నాలుగోది ఎదురు దిక్కుది. రంగు రావడం అనేది ఆక్సీకరణ చర్య. దాన్ని అడ్డుకునేవి నోట్లో ఉంటే మందున్నా రంగు రాదు. విటమిన్ సి, వక్కలోనూ టీలోనూ ఉండే టానిన్లు అలాంటివే. నిమ్మకాయ నాకితే మిషనుకు దొరకరని డ్రైవర్ల మధ్య ఒక నమ్మకం తిరుగుతుంటుంది. ఊదే మిషను విషయంలో అది ఉత్త మాట. పట్టీ విషయంలో మాత్రం, పరీక్షకు ముందు క్షణాన నోట్లో నిమ్మరసం ఉంటే, కొంత నిజం కావచ్చు. వక్కపొడి, గుట్కా, తాంబూలం ఇంకో గొడవ కూడా తెస్తాయి. మెత్త ఎర్రబడితే దాని కింద నీలం కనబడదు. నోరు కడిగించి 15 నిమిషాలు కళ్లెదుట కూర్చోబెట్టాలి. కిళ్లీ కొట్టు వైపు కాదు.

దీనికి తిరకాసుగా, బ్లీచింగ్ లాంటి క్లోరిన్ పదార్థాలు మందు లేకుండానే రంగు తెప్పిస్తాయి. క్లోరిన్ వాసన కొట్టే కుళాయి నీళ్లతో పుక్కిలించి వెంటనే పరీక్షించొద్దు.

ఐదోది తడి చాలకపోవడం. బాగా తాగినవాడికి, భయపడినవాడికి, జలుబు మాత్రలూ కొన్ని మానసిక చికిత్స మాత్రలూ వాడేవాడికి నోరు ఎండుతుంది. మామూలుగా నిమిషానికి 0.3–0.4 మి.లీ. ఊరే ఉమ్మి సగానికి పడిపోతుంది. నురగతో మెత్తను తాకించి తీసేస్తే సగం ఎంజైము తడవదు, రంగు లేతగా వస్తుంది. మెత్త తడవకపోతే పరీక్ష జరగనట్టే, దాన్ని 'లేదు' అని రాయకూడదు.

మంచి మాట కూడా ఒకటి చెప్పాలి. చక్కెర జబ్బువాళ్ల ఊపిరిలో, ఉమ్మిలో వచ్చే అసిటోన్‌కు ఈ ఎంజైములు స్పందించవు. ఆల్కహాల్‌తో కరెంటు పుట్టించి కొలిచే ఇప్పటి ఫ్యూయల్ సెల్ ఊదే మిషన్లు కూడా స్పందించవు. అసిటోన్‌ను మందుగా చూపిస్తాయేమోనన్న భయం పాత కాలపు పరికరాల నాటిది. మిథనాల్ అనే విషపు ఆల్కహాల్‌కు మాత్రం ఆల్కహాల్ ఆక్సిడేజ్ గట్టిగా స్పందిస్తుంది. కల్తీ సారా తాగినవాడికి పట్టీ ముదురు నీలం చూపితే అప్పుడు ఆలోచించాల్సింది డ్యూటీ గురించి కాదు, ఆసుపత్రి గురించి.

డబ్బా విప్పిన రోజే చేయాల్సిన పని

పట్టీ బతికుందో లేదో తెలుసుకోవడానికి ఖర్చు లేని పద్ధతి ఒకటి ఉంది. మన విస్కీ, రమ్ము, బ్రాందీ సీసాల మీద మామూలుగా 42.8 శాతం అని రాసి ఉంటుంది. మందులషాపులో దొరికే 1 మి.లీ. సిరంజితో సరిగ్గా 1 మి.లీ. మందు తీసి, క్లోరిన్ లేని 1 లీటరు నీళ్లలో కలపాలి. బాటిల్ నీళ్లు చాలు. 1 మి.లీ. మందులో ఆల్కహాల్ 0.428 మి.లీ., బరువు 0.34 గ్రాము. లీటరుకు 340 మి.గ్రా., అంటే 100 మి.లీ.కి 34 మి.గ్రా. మన చట్టపు గీతకు కాస్త పైన.

ఒక పట్టీని ఉత్త నీళ్లలో ముంచండి, మరోదాన్ని ఈ నీళ్లలో. మొదటిది తెల్లగా ఉండాలి, రెండోది 20 గడికీ 40 గడికీ మధ్య రంగు చూపాలి. మొదటిది రంగు తిరిగినా, రెండోది తిరగకపోయినా ఆ డబ్బా మొత్తం వాపసు. కొత్త డబ్బా విప్పినప్పుడల్లా, వేసవిలో నెలకోసారి ఇది చేయాలి. కలిపిన నీళ్లను దాచుకోవద్దు, ఆల్కహాల్ ఆవిరైపోతుంది. పరీక్ష చేసే ఇద్దరు ముగ్గురూ ఆ రంగు చూసి కంటికి పట్టించుకుంటే ఇంకా మంచిది.

డ్యూటీకి ముందు పరీక్ష వరస ఇలా ఉండాలి. డ్రైవరు వచ్చిన సమయం రిజిస్టరులో రాసి, నోట్లో ఏమున్నా ఉమ్మించి, నీళ్లతో కడిగించి కూర్చోబెట్టాలి. 15 నిమిషాలు తిండి, నీళ్లు, సిగరెట్టు, ఫోను నెపంతో బయటికి పోవడం ఏదీ ఉండకూడదు. పొట్లం మీది గడువు తేదీని అతనికే చూపించి, అతని ఎదుటే చింపాలి. పరీక్షించేవాడు గ్లవ్స్ వేసుకోవాలి, శానిటైజరు వాడొద్దు, సబ్బుతో కడుక్కోవాలి. చిన్న కాగితపు కప్పులో ఉమ్మించి మెత్తను 10 సెకన్లు అందులో ఉంచడం నోట్లో పెట్టించడంకన్నా శుభ్రం, పైగా తడి బాగా అందుతుంది. ఫోన్లో టైమరు పెట్టి 2 నిమిషాలకు చదవాలి. 5 నిమిషాల తర్వాత చదివిన రంగుకు అర్థం లేదు. గాలికి ఆరుతూ మెత్త ఇంకా ముదురుతుంది. ఆ 2 నిమిషాల రంగును పొట్లం గళ్లతో కలిపి తెల్ల దీపం కింద ఫొటో తీసి పెట్టుకోవాలి.

రంగు తిరిగితే ఏం చేయాలన్నదే అసలు నియమం. అమెరికా రవాణా నిబంధనల్లో ఉమ్మి పరికరాన్ని వడపోతకే అనుమతించారు. 0.02 వచ్చినా, దాటినా కనీసం 15 నిమిషాలు ఆగి, రుజువుకు నిలిచే ఊదే మిషను మీద రెండో పరీక్ష చేయాలి. నిలిచేది ఆ రెండో అంకె మాత్రమే. ఉమ్మి పట్టీ ఒక్కదానితో ఎవరి ఉద్యోగమూ తీయరు. మన ఫ్లీట్లు అచ్చంగా ఇదే పెట్టుకోవాలి. రోజుకు నలుగురైదుగురు డ్రైవర్లుంటే పట్టీలు చాలు, రెండో పరీక్షకు పక్క సంస్థ మిషనో దగ్గరి ఆసుపత్రో మాట్లాడి పెట్టుకోవచ్చు. ముప్ఫై నలభై మంది ఉంటే పట్టీల ఖర్చు, ఒక్కొక్కరికి పట్టే సమయం రెండూ తడిసి మోపెడవుతాయి. ఏటా క్యాలిబ్రేషన్ (కొలత సరిచూసి సరిదిద్దడం) చేయించే ఫ్యూయల్ సెల్ మిషను కొనడమే మేలు. అప్పుడు కూడా ఊదలేనివాళ్ల కోసం ఒక డబ్బా పట్టీలు ఉంచుకోవాలి.

రోడ్డు మీద పోలీసులు దీన్ని ఎందుకు వాడరు

ఇందిరానగర్ 100 అడుగుల రోడ్డులోనో ఎంజీ రోడ్డులోనో శుక్రవారం రాత్రి ఒక్కో బండిని 17 నిమిషాలు ఆపలేరు, అదొక కారణం. ఫ్యూయల్ సెల్‌లో ప్లాటినం పలకల మీద ఆల్కహాల్ ఆక్సీకరణ చెంది కరెంటు పుడుతుంది. కొన్ని సెకన్లలో అంకె, సమయం, తేదీ, మిషను నంబరుతో కాగితం వస్తుంది. రంగు చూసి చెప్పేదానికి అలాంటి చీటీ లేదు. కోర్టులో 'ఆ రంగు మీకెలా కనిపించింది' అన్న ఒక్క ప్రశ్నకే కేసు ఊగుతుంది.

రెండో కారణం చట్టం. 203వ సెక్షన్ చెప్పేది ఊపిరి పరీక్ష గురించి, కేంద్ర ప్రభుత్వం ఆమోదించిన రకం పరికరంతో. 204 చెప్పేది రక్తం గురించి: ఊపిరిలో మందు కనిపించినా, ఊదడానికి నిరాకరించినా, అరెస్టయిన వ్యక్తి నుంచి డాక్టరు చేత రక్తం తీయించి ప్రభుత్వ గుర్తింపు ఉన్న ప్రయోగశాలలో పరీక్షించడం. ఉమ్మి అన్న మాట ఎక్కడా లేదు. 2019 సవరణలో 185వ సెక్షన్‌లో ఊపిరి పరీక్ష పక్కన 'ప్రయోగశాల పరీక్షతో సహా మరే ఇతర పరీక్ష అయినా' అన్న మాటలు చేరాయి. ఉమ్మికి తలుపు కాస్త తెరిచినట్టే కనిపిస్తుంది. కాని పరిమితి రాసింది రక్తం లెక్కలో. ఉమ్మి అంకెను రక్తపు అంకెగా మార్చే నిష్పత్తి చట్టంలో లేదు. ఏ పరికరం, ఎవరు ఆమోదించింది అన్నవి తేలేదాకా ఆ తలుపులోంచి ఎవరూ దూరకపోవడమే మంచిదని మా అభిప్రాయం.

అదే సవరణతో మొదటిసారి దొరికితే 6 నెలల వరకు జైలు, లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. రెండోసారి 2 సంవత్సరాల వరకు, లేదా 15,000, లేదా రెండూ. ఇది రోడ్డు మీద రాజీ చేసుకునే నేరాల జాబితాలో లేదు, కోర్టుకు వెళ్లాల్సిందే. 'ఇదిగో, ఇందాకే మా ఆఫీసులో పట్టీ పరీక్ష చేశారు' అని చూపించే ఫొటోకు అక్కడ బలం ఉండదు. మిషను అంకె మీద నిజంగా అనుమానముంటే దాన్ని తేల్చేది రక్తమే. అది కూడా సరిగ్గా తీయాలి. చర్మాన్ని స్పిరిట్‌తో తుడవకూడదు. సోడియం ఫ్లోరైడ్ ఉన్న బూడిద రంగు మూత గొట్టంలో పట్టాలి, లేకపోతే రక్తం పులిసి ఆల్కహాల్ పుట్టే వీలుంది. ఆసుపత్రి ల్యాబులు సీరంలో, అంటే రక్తం గడ్డకట్టాక విడిపోయే ద్రవంలో, కొలుస్తాయి; సీరం అంకె మొత్తం రక్తపు అంకెకన్నా సుమారు 14 శాతం ఎక్కువ వస్తుంది. 33 అని వచ్చిన సీరం రిపోర్టు రక్తం లెక్కలో 29. రిపోర్టు మీద ఏది కొలిచారో చూడకుండా వాదనకు దిగొద్దు.

పరీక్షే జరగకపోతే బయటపడతామనే ధీమా కూడా పనికిరాదు. వాసన, తూలడం, మాట తడబడడం మాత్రమే మందుకు రుజువు కావని 1971లో సుప్రీంకోర్టు ఒక మహారాష్ట్ర కేసులో అన్న మాట నిజమే. 2021లో ఇఫ్కో టోకియో – పెర్ల్ బెవరేజెస్ కేసులో మాత్రం, ఊపిరి, రక్త పరీక్షలు లేకపోయినా ఇతర ఆధారాలతో డ్రైవరు మత్తులో ఉన్నాడని బీమా కంపెనీ చూపించవచ్చని అదే కోర్టు తేల్చింది. కారు యజమాని సంస్థకు క్లెయిము దక్కలేదు. బస్సుల యజమానులు గోడకు అంటించుకోవాల్సింది ఈ రెండోది.

ఇంకో గందరగోళం ఉంది. విదేశాల్లో పోలీసులు రోడ్డు మీద ఉమ్మి తీస్తున్నారు కదా అంటారు. తీస్తున్నారు, మత్తు పదార్థాల కోసం. ఆస్ట్రేలియాలోని విక్టోరియాలో 2004 నుంచి, బ్రిటన్‌లో 2015 నుంచి. అక్కడ కూడా మందుకు ఊదిస్తారు, గంజాయికి ఉమ్మి తీస్తారు. గంజాయి విషయంలో రక్తంలోంచి ఉమ్మిలోకి వచ్చేది స్వల్పం. పొగ తాగినప్పుడు నోట్లో అంటుకున్నదే పరికరానికి దొరుకుతుంది. పేరు ఒకటే అయినా శాస్త్రం వేరు.

గంట తర్వాత ఎందుకు దొరికాడు

70 కిలోల మగమనిషి ఒక లార్జ్, అంటే 60 మి.లీ. తాగితే లోపలికి పోయే ఆల్కహాల్ 20 గ్రాములు. మొత్తం ఒంటికి పట్టాక రక్తంలో సుమారు 43 మి.గ్రా. కాలేయం గంటకు 15 మి.గ్రా. లెక్కన దించుతుంది, కొందరిలో 10, అలవాటైనవాళ్లలో 20. కాని పూర్తిగా ఒంటికి పట్టడానికి ఖాళీ కడుపున అరగంట, బిర్యానీ తిన్నాక గంటన్నర కూడా పడుతుంది. డ్యూటీకి వచ్చే ముందు గబగబా రెండు గుక్కల్లో లాగించి, నోరు కడుక్కుని, 15 నిమిషాలు బుద్ధిగా కూర్చున్న మనిషి ఉమ్మిలో అప్పటికి 15 మాత్రమే ఉండొచ్చు. పట్టీలో మొదటి గడి 20. సూపర్‌వైజరు కంటికి అది 'దాదాపు తెలుపు'. బస్సు ఎలక్ట్రానిక్ సిటీ ఫ్లైఓవర్ దాటేసరికి 35. పట్టీ అబద్ధం చెప్పలేదు, కొండ ఎక్కుతున్నవాణ్ని మొదటి మెట్టు దగ్గర కొలిచింది. అందుకే లేత ఛాయ కనిపించినా 30 నిమిషాలు ఆగి రెండో పట్టీ వాడాలి. రంగు పెరిగితే మందు ఇంకా ఎక్కుతోందని, తగ్గితే దిగుతోందని అర్థం. ఏదైనా ఆ రాత్రి తాళాలు ఇవ్వొద్దు.

దిగే దారి దీనికి పూర్తిగా ఎదురు. రాత్రి 9కి మొదలుపెట్టి రెండు క్వార్టర్లు, అంటే 360 మి.లీ., ఖాళీ చేసిన అదే మనిషి లెక్క 255 దగ్గర మొదలవుతుంది. తొమ్మిది గంటల్లో 135 దిగినా ఉదయం 6కి ఇంకా 120 మిగులుతుంది. గంటకు 20 చొప్పున దిగే అలవాటున్న ఒళ్లయినా 75. పడుకుని లేచాడు, స్నానం చేశాడు, విభూతి పెట్టుకున్నాడు, కళ్లు కూడా ఎర్రగా లేవు. స్కూలు వ్యాను ఎక్కబోతున్నాడు. బెంగళూరు ట్రాఫిక్ పోలీసులు స్కూలు బళ్ల డ్రైవర్లను ఉదయం పూట ఊదించేది ఇలాంటివాళ్ల కోసమే. ఆ సమయానికి నోట్లో మందు మిగిలి ఉండదు, ఎక్కే దశ అయిపోయింది, ఉమ్మీ రక్తమూ ఒకే మాట చెబుతాయి. పట్టీకి ఇంతకన్నా అనువైన సమయం లేదు: ఉదయం ఐదున్నర, పళ్లు తోముకుని పావుగంట దాటాక, టిఫినుకు ముందు, ట్యూబులైటు కింద.